తెర వెనక గులకరాళ్ళ నేల

పోయిన నెల అడిలైడ్ శివార్లలో, మాసన్ లేక్స్‌లో మా అమ్మాయి ఇంటి పెరట్లో పూలమొక్కల చుట్టూ పరచడానికని గులకరాళ్ళు తెప్పించారు. బస్తా విప్పి గుమ్మరించగానే, నీరెండలో కుర్చీ వేసుకుని కూర్చున్న నేను ఎవరూ చెప్పకుండానే వంగి, నల్లవి ఒకవైపు, తెల్లవి ఒకవైపు, మరీ గుండ్రంగా ఉండి పనికిరానివి ఇంకోవైపు వేరుచేయడం మొదలుపెట్టాను. మా అల్లుడు కాఫీ కప్పుతో బయటికొచ్చి చూసి, "అత్తయ్యగారూ, అవి బియ్యం కాదండీ ఏరడానికి" అన్నాడు. మా మనవరాలైతే "అమ్మమ్మా, దే ఆర్ జస్ట్ రాక్స్" అని తేల్చేసింది. గులకరాయిని పలచని అంచు పైకి వచ్చేలా నిలబెట్టి పాతాలని, పడుకోబెడితే నాలుగు రోజుల్లో ఊడి చేతికొస్తుందని నాకు నేర్పిన మనిషి గురించి వాళ్ళకెప్పుడూ చెప్పలేదు. చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. నా ఈడువాళ్ళకైతే మొదలు సులువే. రెండు వేల సంవత్సరం వస్తోందని లోకమంతా కంగారుపడ్డ రోజులు గుర్తున్నాయా అంటే చాలు.

ఆ రోజుల్లో కోబాల్ అనే పాత కంప్యూటరు భాష వచ్చిన వాళ్ళను దేశాలు పిలిచి మరీ వీసాలిచ్చాయి. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసి పొదుపు చేసిన పాత ప్రోగ్రాములన్నీ తొంభైతొమ్మిది తర్వాత రెండు సున్నాలు చూసి మతి పోగొట్టుకుంటాయని, బ్యాంకులు మూతపడతాయని, విమానాలు రాలిపోతాయని పేపర్ల నిండా రాతలు. తెనాలిలో మా అమ్మ దగ్గర నాలుగేళ్ళ పిల్లను వదిలిపెట్టి మేమిద్దరం ఆస్ట్రేలియా వచ్చాం. మా వారికి మెల్‌బోర్న్‌లో పని దొరికి, ఆ ఊరి శివార్లలో క్రాన్‌బర్న్ అనే చోట మరికొందరు కుర్రాళ్ళతో కలిసి ఒక ఇంట్లో సర్దుకున్నారు. నన్ను తీసుకున్న కంపెనీ నన్ను అడిలైడ్‌లో దింపి, అక్కడి నుంచి ఇంకా లోపలికి, మర్రే నది ఒడ్డున పండ్లతోటల మధ్య ఉన్న ఒక చిన్న పల్లెకు పంపింది. అక్కడి రైతులందరూ కలిసి పెట్టుకున్న నారింజపళ్ళ ప్యాకింగ్ షెడ్డులో ఒక ముసలి కంప్యూటరుండేది. ఏ రైతు ఎప్పుడు ఎంత పంట తెచ్చాడో చెప్పేది అదే. దానికి రెండు వేల సంవత్సరం దాటేలా ఆయుష్షు పోయడం నా ఉద్యోగం. విదేశీ ఉద్యోగమంటే అద్దాల మేడలని ఊహించుకుని వెళ్ళిన నాకు, కిటికీలోంచి ట్రాక్టర్లూ, ఈగలూ, నారింజ తొక్కల వాసనా ఎదురయ్యాయి. మొదటి వారం రోజూ ఏడ్చాను.

ఉండడానికి హోటలు లాంటిదేమీ లేకపోతే, షెడ్డు మేనేజరు ఊరి చివర తోటలో ఒంటరిగా ఉంటున్న ఒక గ్రీకు ముసలావిడ ఇంటి వెనక గది ఇప్పించాడు. ఊళ్ళో అందరూ ఆవిడను యయా అనేవారు. వాళ్ళ భాషలో నానమ్మకీ అమ్మమ్మకీ అదే పిలుపట. నేనూ అలాగే పిలిచాను. పొట్టిమనిషి, పొద్దున్నించి రాత్రిదాకా నల్లబట్టలు, నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోయేవి. ఆవిడ ఇంగ్లీషు నాకూ, నా ఇంగ్లీషు ఆవిడకూ సగమే అర్థమయ్యేవి. కానీ ఇద్దరు ఆడవాళ్ళు ఒక వంటగదిలో నిలబడ్డాక మిగతా సగానికి భాష అంతగా అవసరం పడదు. నేను మాంసం, గుడ్లు ముట్టనని తెలిసి ఆవిడ మొదట నన్ను గొప్ప భక్తురాలనుకుంది. వాళ్ళకు బుధ, శుక్రవారాలూ, పండగల ముందు వారాల తరబడీ మాంసం, పాలు, గుడ్లు లేని ఉపవాసాలుంటాయి. ఏడాది పొడుగునా ఉపవాసముండే పిల్ల ఇంట్లో దిగిందని చుట్టాలందరికీ చెప్పుకుంది. తర్వాత నేను ఒక్క పూటలో లాగించే పెరుగు చూసి ఆ అభిప్రాయం మార్చుకుంది.

నేను వెళ్ళేసరికి తోట మూలన, నారింజ చెట్ల వరసలు ఆగిపోయే చోట, ఒక చిన్న చర్చి గోడలు లేస్తున్నాయి. దగ్గరలో దొరికే సున్నపురాయితో, తూర్పు వైపు అర్ధచంద్రంలా వంపు తిరిగిన గోడతో, ఇరవైమంది నిలబడితే నిండిపోయేంత గది. కడుతున్నది ఆవిడ మరిది. జీవితమంతా ఇటుక పని చేసి రిటైరైన మనిషి, మాట కరుకు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మనవాళ్ళు గుడి కట్టి చూడమని ఎందుకనలేదో ఆ వదినా మరుదుల కీచులాటలు విన్నాక నాకర్థమైంది.

ఆ కట్టడం వెనక ఒక మొక్కు ఉంది. యయా భర్త ఈ దేశం వచ్చిన కొత్తలో నదికి పెద్ద వరదొచ్చి, గట్టు తెగిన చోట మట్టి వేయడానికి వెళ్ళిన మనిషి కొట్టుకుపోయి, ఒక యూకలిప్టస్ చెట్టు కొమ్మ పట్టుకుని తెల్లవార్లూ నీళ్ళలో ఉన్నాడట. బతికి బయటపడితే నీళ్ళమీద వెళ్ళేవాళ్ళను కాపాడే వాళ్ళ సెయింటుకి ఇల్లు కట్టిస్తానని ఆ కొమ్మ మీద మొక్కుకున్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం కాదాయన. కాకపోతే ఒక ఏడు మంచు పడి ద్రాక్ష పోయింది, ఒక ఏడు పిల్లల చదువులు, ఒక ఏడు నారింజకు ధర లేదు. మంచివాళ్ళ మొక్కులు కూడా ఇలాగే వాయిదా పడతాయి. చివరికి ఆయనే పోయాడు. మొక్కు మాత్రం ఈవిడకు మిగిలింది. బాకీ పడ్డ మనిషి అక్కడ ఏ మొహం పెట్టుకుని నిలబడి ఉంటాడో అని ఆవిడ ఒకరోజు చిక్కుడుకాయలు వొలుస్తూ నాతో అంది. అది ఆవిడకు నిజంగా నిద్రపట్టనివ్వని సంగతి. ఇవాళ్టి వాళ్ళకు నవ్వు రావచ్చు కానీ, మొక్కుల మధ్య పెరిగిన నాకు రాలేదు.

గోడలు మరిదివి. నేల మాత్రం తనదని యయా పట్టుబట్టింది. వాళ్ళ ద్వీపంలో ఇళ్ళ ముంగిళ్ళూ, గుళ్ళ నేలలూ నలుపు తెలుపు గులకరాళ్ళతో బొమ్మలు వచ్చేలా పరుస్తారట. ఆవిడ తండ్రిది అదే వృత్తి. మగపిల్లలు లేక కూతురికి నేర్పాడు. జనం నిలబడే చోట మామూలు ఎర్ర పలకలు వేసినా, సెయింట్ల పటాలు బిగించిన చెక్క తెర వెనక, బలిపీఠం ఉండే చోట మాత్రం ఆవిడ చేత్తో వేసిన గులకరాళ్ళే ఉండాలి. అప్పటికే సముద్రపు ఒడ్డు నుంచి తెప్పించిన రాళ్ళు పండ్ల పెట్టెల నిండా కూడబెట్టి ఉన్నాయి. డిసెంబరు మొదట్లో ఆ సెయింటు పండగ. దానికి ముందు వచ్చే ఆదివారం ప్రతిష్ఠకు పట్నం నుంచి బిషప్ వస్తానన్నాడు. ఆ రోజు తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలియదు.

అక్టోబరులో, సున్నం ఇసుక కలిపి పని మొదలుపెట్టబోతున్న సమయంలో, యయా నిచ్చెన మీదినుంచి జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పిండికట్టుతో ఇంటికి వచ్చిన ఆవిడ, నొప్పికి కాదు, నేల గురించి ఏడ్చింది. ఆ సాయంత్రం ఇద్దరం టీ తాగుతుండగా ఆవిడ నా చేతులకేసి అదే పనిగా చూడటం గమనించాను. మర్నాడు నాలుగింటికి ఆఫీసు అయిపోగానే, చీకటి పడటానికి ఇంకా బోలెడు పొద్దుంటుంది కాబట్టి, నేను మోకాళ్ళ మీద కూర్చుని తాపీ పట్టుకున్నాను.

ఆవిడ తిరగేసిన పండ్ల పెట్టె మీద కూర్చుని ఎడమచేత్తో చూపించేది. తడి సున్నం మీద రాయిని నిలువుగా గుచ్చి, పక్కదానికి అంటుకునేలా ఇంకొకటి. కొంత మేర అయ్యాక పైన చెక్క వేసి ఒత్తడం, నీళ్ళు చిలకరించడం. అంచు పోశాక మధ్యలో పద్మం వేద్దామని, చుక్కలు పెట్టి సుద్దతో గీసి చూపించాను. తెనాలి పద్మాల ముగ్గంటే నాకు గొప్ప నమ్మకం. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పువ్వులొద్దు, నీళ్ళు కావాలి. ఆయన్ను ముంచబోయి వదిలేసిన నీళ్ళు. దాంతో తెల్లరాళ్ళ మధ్య నల్లటి అలలు, బలిపీఠం చుట్టూ తిరిగి వచ్చేలా మొదలుపెట్టాం. నా మొదటి అలలు ఎలుకలు కొరికిన చపాతీల్లా వచ్చాయి. ఆవిడ మొహమాటం లేకుండా పీకించేసింది.

ఆదివారాలు మా వారు ఫోన్ చేసినప్పుడు చేతులు నొప్పిగా ఉన్నాయన్నాను. కీబోర్డు మీద అంత పని ఏముందని అడిగితే సంగతి చెప్పక తప్పలేదు.

"అక్కడ నువ్వు ప్రోగ్రాములు రాస్తన్నావా, తాపీపని చేస్తన్నావా? మీ నాన్నకి తెలిస్తే నన్ను తిడతాడు" అన్నారు.

"రెండూ చేస్తన్నానండీ. తాపీపని అయితే కంటికి కనపడతంది, అదొక్కటే తేడా" అన్నాను.

నిజంగానే మా ఉద్యోగం అలాంటిది. ఏమీ జరగకుండా ఉండటమే మా పని జరిగిందనడానికి గుర్తు.

నవంబరు సగానికి ఎండలు ముదిరాయి. సున్నం త్వరగా బిగిసిపోయేది, పని నడిచేది కాదు. ఒకరోజు మరిది వచ్చి తలుపు దగ్గర నిలబడి, మిగిలిన నేలను కళ్ళతోనే కొలిచి, నా ముందే ఆవిడతో ఇంగ్లీషులో గొడవకు దిగాడు. "బిషప్ వచ్చేలోగా ఇది అవదు. రేపో ఎల్లుండో నేనొచ్చి టైల్స్ వేసేస్తా. అయినా తెర వెనక నేల ఎవడు చూస్తాడు? ప్రతిష్ఠ అయ్యాక నువ్వు కూడా అక్కడ అడుగు పెట్టవు కదా."

నాకు తెలియని సంగతి అది. ఆయన వెళ్ళాక అడిగితే ఆవిడ మామూలుగా చెప్పింది. బిషప్ ఆ బలిపీఠాన్ని కడిగి, తైలం పూసి ప్రతిష్ఠించే దాకానే అది గది. ఆ తర్వాత అక్కడికి పూజారీ, ఆయనకు సాయపడేవాళ్ళూ తప్ప ఎవరూ వెళ్ళరు, ఆడవాళ్ళు అసలే వెళ్ళరు. నాకు ఒళ్ళు మండిపోయింది. భూమి ఆవిడది, మొక్కు ఆవిడింటిది, నేల ఆవిడ పని, లోపలికి రాకూడనిది కూడా ఆవిడే! మా ఊరి గుళ్ళో విగ్రహం చెక్కిన శిల్పి ప్రాణప్రతిష్ఠ తర్వాత గడప ఇవతలే నిలబడి దణ్ణం పెట్టుకోవడం చిన్నప్పుడు చూశాను. అప్పుడు లేని కోపం ఇప్పుడొచ్చింది. తాపీ కింద పెట్టేసి, అయితే ఆయనన్నట్టు టైల్సే వేయించుకో అన్నాను. ఆవిడ తన ముక్కల ఇంగ్లీషులో ఒక మాటంది. ఒకళ్ళకి ఇల్లు కట్టి ఇచ్చాక తాళంచెవి నా జేబులోనే పెట్టుకుంటే, అది ఇచ్చినట్టా?

ఆ మాటతో నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. కానీ మళ్ళీ తాపీ తీసుకున్నాను. ఆ రోజునుంచి పొద్దున్నే ఎండ ఎక్కకముందు కొంత, సాయంత్రం కొంత చేశాం. కట్టు విప్పాక ఆవిడ సన్నబడిన చేత్తో చివరి అల తనే గుచ్చింది. బిషప్ రావడానికి ముందు ఆ నేలను బ్రష్షుతో రుద్ది నీళ్ళు పోస్తే, అంతవరకూ బూడిదరంగులో ఉన్న రాళ్ళు నిగనిగలాడి అలలన్నీ ఒక్కసారి కదిలినట్టయింది. నేనే నా చేతిపని చూసుకుని మురిసిపోయాను.

ప్రతిష్ఠ రోజు తోట నిండా కార్లు. నేను పట్టుచీర కట్టుకుని, పులిహోర చేసుకుని వెళ్ళాను. వాళ్ళ ఉపవాసాల నెలలో అది అన్ని నియమాలకూ సరిపోయింది. గుడి అనేసరికి కాళ్ళు వాటంతటవే చెప్పులు వదిలేశాయి. పులిహోర గిన్నె షెడ్డులో పెట్టి వచ్చేసరికి చర్చి ఖాళీ అయింది, తలుపులు మూశారు, జనమంతా బయట ఊరేగింపుగా కదిలారు. ఎవరో పూర్వకాలపు పుణ్యాత్ముడి అస్థిక ముక్కను, మనవాళ్ళు విగ్రహం కింద యంత్రం పెట్టినట్టు, బలిపీఠం లోపల పెట్టి మూసేస్తారు. దాన్ని బిషప్ పళ్ళెంలో తల ఎత్తున పట్టుకుని చర్చి చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. ఊరేగింపు తోక ఒక మూల తిరిగి మాయమవడం చూసి, వాళ్ళకు ఎదురుపడతానేమోనని కూడా ఆలోచించకుండా, పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి తిరిగినట్టే గుడి కుడిచేతివైపు ఉండేలా ప్రదక్షిణం మొదలుపెట్టాను. వాళ్ళు తిరిగేది ఎడమవైపుకని నాకేం తెలుసు? వెనక వంపు గోడ దగ్గర, గోడకూ నారింజ చెట్లకూ మధ్య ఒక మనిషి పట్టే దారిలో, కిరీటం పెట్టుకున్న బిషప్‌కు ఎదురుపడ్డాను. వెనక్కి తిరిగి పరుగెత్తడం మర్యాద కాదు, ముందుకు వెళ్ళే దారి లేదు. మిగిలిపోయిన రాతిదిమ్మ ఒకటి కిటికీ కింద ఉంటే దానిమీదికెక్కి గోడకు అంటుకుపోయాను. బిషప్ కళ్ళతోనే నవ్వి ముందుకు సాగాడు. వెనక కొవ్వొత్తి పట్టుకుని యయా మరిది కూడా వెళ్ళాడు. నా అరికాలి నిండా పల్లేరుకాయలు. అవి తెనాలి పల్లేరుకాయలకు అన్నదమ్ములే.

ముళ్ళు తీసుకుని తలెత్తితే కిటికీలోంచి లోపల కనిపించింది. యయా ఉంది. నల్ల బూట్లూ మేజోళ్ళూ విప్పి గోడవార పెట్టి, ఒట్టి కాళ్ళతో ఆ అలల మీద బలిపీఠం చుట్టూ నెమ్మదిగా నడుస్తోంది. రాళ్ళను కాలివేళ్ళతో తడుముతోంది. పెదవులు కదులుతున్నాయి. ఏ ప్రార్థన చదువుతోందో తెలియదు కానీ మధ్యమధ్యలో భర్త పేరు వినబడింది.

మూడో చుట్టు అయ్యాక బిషప్ మూసిన తలుపు ముందు ఆగి, మహిమగల రాజు వస్తున్నాడు, తలుపులు తెరవమని కర్రతో తట్టాలి. ఆ రాజెవరని లోపలినుంచి ఒక మనిషి అడగాలి. ఇలా మూడుసార్లు. మామూలుగా ఆ మాట అడిగేది పాటలు పాడే మగమనిషి. ఇక్కడ ఆ పని మరిదికి అప్పజెప్పారని యయా ముందే నాతో అంది. ఆ మరిది బయట కొవ్వొత్తి పట్టుకుని ఉన్నాడు. టైల్స్ వేసేద్దామన్న మనిషి, ఎవరితోనూ చెప్పకుండా తన చోటు వదినకిచ్చేశాడన్నమాట.

తలుపు మీద దెబ్బ వినిపించింది. లోపలినుంచి ముసలి ఆడగొంతు అడిగింది. బయట ఒక్క క్షణం సద్దు లేదు. తర్వాత బిషప్ కంఠం, ఏమీ జరగనట్టే, జవాబు చెప్పింది. రెండోసారీ అంతే. మూడోసారి తట్టినప్పుడు ఆవిడ పలకలేదు.

ఎంతసేపో నాకు తెలియదు. జనం కాళ్ళు మార్చి నిలబడే చప్పుడు వినబడుతోంది. ఎవరో దగ్గారు. మనసు మార్చుకుందేమో, తలుపు తీయదేమో, ఇంతమంది ముందు ఏం పరువు పోతుందో అని భయపడ్డాను. నిజం చెప్పాలంటే, తీయకపోతే బాగుండునని కూడా ఒక మూల అనిపించింది. ఆవిడ బలిపీఠం ముందు మోకరిల్లి, రెండు అరచేతులూ ఆ రాళ్ళమీద ఆనించి ఉంది. చంటిపిల్ల నిద్రపోయిందో లేదో చూసే తల్లి చేతుల్లా ఉన్నాయవి. తర్వాత లేచింది. మేజోళ్ళు వేసుకుంది. బూట్ల తాళ్ళు కట్టుకోబోతే విరిగిన చేతి వేళ్ళు సరిగా ఆడలేదు, అలాగే వదిలేసింది. తెర దాటి వెళుతూ గట్టిగా, స్పష్టంగా మూడోసారి అడిగింది.

నేను చుట్టూ తిరిగి ముందుకొచ్చేసరికి తలుపులు తెరుచుకుని ఉన్నాయి. ఆవిడ బిషప్ చేయి ముద్దుపెట్టుకుని పక్కకు తప్పుకుని, వెళ్ళి ఆడవాళ్ళలో నిలబడింది. లోపల కడగడాలూ, పన్నీటి వాసనా, పాటలూ చాలాసేపు సాగాయి. ఆవిడ చూపు ఎదుటి గోడమీదే ఉంది. నేనొక్కదాన్నే ఏడుస్తుంటే, ఏడాదంతా ఉపవాసముండే ఆ భారతీయురాలి భక్తికి చుట్టుపక్కల వాళ్ళు ముచ్చటపడ్డారు.

జనవరి ఒకటి వచ్చింది. బ్యాంకులు మూతపడలేదు, విమానాలు రాలలేదు. ప్యాకింగ్ షెడ్డులో ముసలి కంప్యూటరు తప్పులేకుండా తేదీ వేసింది. ఇంత హడావుడి దేనికి చేసినట్టని మేనేజరు నవ్వాడు. ఆ ఫిబ్రవరిలో మా అమ్మాయి తెనాలి నుంచి వచ్చింది, మేం అడిలైడ్‌లో స్థిరపడ్డాం. నేను తిరగరాసిన ప్రోగ్రాములను ఆ మిషన్‌తో సహా కొన్నేళ్ళకే తీసి పారేశారు. యయా ఇంకా చాలా కాలం బతికింది. అప్పుడప్పుడూ వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం. ఒక్కసారి కూడా ఆ నేల మాట ఆవిడ ఎత్తలేదు.

కిందటేడు మా వారూ నేనూ కారులో అటు వెళ్ళాం. నారింజ చెట్లు లేవు. తోట ఎవరో కంపెనీవాళ్ళు కొని బాదం వేశారు. చర్చికి మాత్రం దాని జాగా దానికి వదిలేశారు. తాళం యయా మరిది కూతురి దగ్గర ఉంటోంది. పూజ ఉన్న రోజున మా పెద్దమ్మ ఎప్పుడూ పక్క గోడకు ఆనుకునే నిలబడేదని, ముందుకు రమ్మన్నా వచ్చేది కాదని ఆవిడ చెప్పింది. అక్కడ నిలబడి చూశాను. తెరకున్న మధ్య తలుపు తెరిచి ఉన్నా అక్కడినుంచి లోపలి నేల గోరంత కూడా కనిపించదు.

ఎదురుగా వచ్చి చూస్తే లోపలంతా ముదురు ఎరుపు తివాచీ, గోడనుంచి గోడదాకా. ఆ నేల ఎత్తుపల్లాల రాళ్ళని, పాత పూజారికి కాలు తట్టుకునేదని, తను రాకముందే కప్పేశారని కొత్తగా వచ్చిన కుర్రపూజారి చెప్పాడు. కింద ఏముందో అతను చూడలేదు. ఆ నేల వేసిన చేతుల్లో ఒక జత నావని తెలిసి పాపం ఎంత సంబరపడ్డాడో! మీరు లోపలికి రాకూడదు గానీ, తివాచీ అంచు ఎత్తి ఫోన్లో ఫోటో తీసి చూపిస్తానన్నాడు. మా వారు అప్పుడే కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు చూడ్డానికి.

వద్దు బాబూ అన్నాను.

ఈ రోజుల్లో వండిన కూర, కట్టిన చీర, ఎక్కిన కొండ, దేన్నీ ఫోటో తీయకుండా వదలం. నేనూ వదలను, నా ఫోన్ నిండా మనవరాలే. మా రోజుల్లో చేసి వదిలేసినవి చాలా ఉన్నాయి. అవి చేశామన్న సంగతి మాకే తెలియాలి. కానీ నేను వద్దన్నది అందుకు కాదు. ఆవిడ అన్నేళ్ళు ఆ గోడకు ఆనుకుని నిలబడి, రెండడుగులు పక్కకు జరిగితే కనిపించేదాన్ని చూడకుండా ఉంది. ఆవిడ ఇచ్చేసినదాన్ని నేనెలా చూడను? తిరుగు ప్రయాణంలో దారి పొడుగునా మా వారు ఎందుకొద్దన్నావని అడుగుతూనే ఉన్నారు. ఏదో చెప్పాను. చూడాలని నాకెంతగా ఉందో మాత్రం చెప్పలేదు.